ద్రౌపదికి చప్పట్లు, పక్కింటి అమ్మాయికి మౌనం

కిందటేడు మా ప్రాంతపు తెలుగు సంఘం ఉగాది వేడుకలకి కార్యక్రమాలు ఖాయం చెయ్యడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మందిమి కూర్చున్నాం. న్యూజెర్సీలో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి ఉత్సాహవంతులకి కొదవ లేదు. ముప్ఫై ఆరు అంశాలు వచ్చాయి, మా చేతిలో ఉన్నవి నాలుగు గంటలు. సినిమా పాటలకి డాన్సులు, అన్నమయ్య కీర్తనలు, పిల్లల పద్యాలు, ఒక కూచిపూడి బృందం వారి ద్రౌపదీ వస్త్రాపహరణం, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఖాయమైపోయాయి. ఆఖర్న ఒక నాటిక మిగిలింది. ముగ్గురు అమ్మాయిలు కలిసి రాసుకున్నది, పన్నెండు నిమిషాలు. హెచ్‌-4 వీసా మీద వచ్చిన ఒక ఇల్లాలు, ఆమె పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం చెవి జేబులో వేసుకునే భర్త, ఇండియా నుంచి ఫోన్లో "కాస్త సర్దుకుపో అమ్మా" అని చెప్పే తల్లి. ఇంతే కథ.

"పండగ పూట ఇదెందుకండీ?" అన్నారు ఒకరు. "పిల్లలుంటారు, ఫామిలీ ఆడియన్స్ కదా" అన్నారు ఇంకొకరు. "మనవాళ్ళని మనమే తక్కువ చేసుకున్నట్టు ఉంటుంది" అన్నారు మూడో ఆయన. నాటిక పక్కకి పోయింది. ఆ ఎనిమిది మందిలో నేనూ ఒకణ్ణి. నేను నోరు విప్పలేదు. అప్పటికే ఆకలి వేస్తోంది, సౌండ్ సిస్టం సంగతి ఇంకా తేలలేదు.

ఉగాది రోజున ద్రౌపదికి హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నిండు సభలో ఒక స్త్రీని జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తుంటే పెద్దలంతా తలలు దించుకుని కూర్చోవడమే కదా ఆ ఘట్టం! తిరిగి వస్తూంటే కారులో మా అమ్మాయి, "నాన్నా, భీష్ముడు ఎందుకు ఏమీ అనలేదు?" అని అడిగింది. ఏదో చెప్పాను గాని, చెబుతున్నంతసేపూ ఆ కమిటీ మీటింగే గుర్తుకొచ్చింది.

రెండు నెలల తరవాత ఆ నాటిక రాసిన ముగ్గురిలో ఒకమ్మాయి ఇండియన్ స్టోర్లో కనబడింది. "మళ్ళీ ఏడాది వేద్దురుగాని లేమ్మా" అన్నాను మాటవరసకి. "అది కథ కాదు అన్నయ్యగారూ, అమెరికా వచ్చాక నా మొదటి మూడేళ్ళు" అని, బిల్లు కట్టేసి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఈ విషయం గురించి చదువుతూ వచ్చాను. స్త్రీల మీద జరిగే హింసని కళ ఎదుర్కోగలదా? ఎదుర్కొన్న చోట ఎలా ఎదుర్కొంది? మన సంఘాల వేదికలు ఎక్కడ వెనకబడుతున్నాయి? ఈ వ్యాసంలో ఆ మూడు ప్రశ్నలకీ నాకు తోచిన సమాధానాలు చెబుతాను.

గురజాడ చూపించిన దారి

"పండగ పూట ఇదెందుకు" అనే వాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆధునిక తెలుగు నాటకానికి తలమానికంగా మనం చెప్పుకునే కన్యాశుల్కం పుట్టిందే ఇలాంటి విషయం మీద. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని పెంచి తిరగరాశారు. పసిపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్ళకి కట్టబెట్టే ఆచారం మీద అప్పటికే లెక్కలు ఉన్నాయి. విజయనగరం మహారాజా వారు విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ పట్టీ వేయిస్తే 1034 తేలాయని గురజాడే తన ఇంగ్లీషు ముందుమాటలో రాశారు. అందులో అయిదేళ్ళ వయసు పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు.

ఆ పట్టీ దివాణంలో ఉంటే ఎవరికి తెలుస్తుంది? శాసనం తేవాలని మహారాజా వారు ప్రయత్నించారు, ఫలించలేదు. నాటకం మటుకు జనంలోకి వెళ్ళింది, నూరేళ్ళు దాటినా వెళ్తూనే ఉంది. అది ఉపన్యాసం ఇవ్వలేదు, నవ్వించింది. నవ్వుతున్న వాడు కాసేపయ్యాక తాను నవ్వుతున్నది తన ఇంటి పెద్దల్ని చూసేనని గ్రహించాడు. అదీగాక, అంతమంది పెద్దమనుషులు ఉన్న ఆ నాటకంలో చిక్కుముడి విప్పేది మధురవాణి, ఊరు తక్కువ చేసి చూసిన ఒక వేశ్య. కళ ద్వారా స్త్రీకి ప్రాతినిధ్యం కల్పించడం అన్న మాట ఇప్పుడు కొత్తగా వినిపిస్తోంది గాని, ఆ పని మన భాషలో 1892 నాటికే మొదలైంది.

వేదిక మీద ఎవరు, మాట ఎవరిది?

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. వేదిక మీద ఆడది కనబడటం వేరు, ఆ వేదిక మీద ఆడదాని మాట వినబడటం వేరు. దీనికి మన కూచిపూడి కంటే మంచి ఉదాహరణ లేదు. తరతరాలుగా కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళే ఆడవేషాలు కట్టారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే అని మన ముందు తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మరో పక్కన, తరాల తరబడి నాట్యమే వృత్తిగా బతికిన కళావంతుల స్త్రీలని సంస్కరణ పేరుతోనూ, 1947 మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం తోనూ వేదిక దింపేశారు. ఆ తరవాత వెంపటి చినసత్యం గారి లాంటి గురువుల దగ్గర మధ్యతరగతి ఆడపిల్లలు నేర్చుకోవడం మొదలై, ఇవాళ అమెరికాలో ఏ కూచిపూడి తరగతికి వెళ్ళినా దాదాపు అందరూ అమ్మాయిలే. అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో తెలుగు బోధించే హర్షిత మృత్యింటి కామత్ గారు ఈ స్త్రీవేషాల సంప్రదాయం మీద 2019లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆడవేషం వెనక కులం, మగతనం ఎలా పనిచేస్తాయో అందులో వివరించారు.

రచన సంగతీ అంతే. పద్ధెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. అలాంటి శృంగారమే మగకవులు రాస్తే ప్రబంధం అయింది! ఈ కథని ప్రపంచానికి చెప్పింది కూడా అమెరికాలో అచ్చయిన పుస్తకమే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో న్యూయార్కు ఫెమినిస్ట్ ప్రెస్ 1991లో వేసిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ఆ ఉదంతంతోనే మొదలవుతుంది.

ఇక మన ఉగాది వేదికకి వద్దాం. మా కార్యక్రమంలో మైకు ముందుకి వచ్చిన వాళ్ళలో ముప్పాతిక మంది ఆడవాళ్ళే. కమిటీలో ఉన్నది ఇద్దరు. ఏ కథ ఉండాలో, ఏది పండగకి పనికిరాదో నిర్ణయించింది మిగిలిన ఆరుగురం. కళలో స్త్రీల ప్రాతినిధ్యాన్ని లెక్కపెట్టాలంటే ఫోటోల్లో చీరల్ని లెక్కపెడితే చాలదు, ఆ నిర్ణయాలు జరిగే బల్ల చుట్టూ కుర్చీల్ని లెక్కపెట్టాలి.

పులి మీద వచ్చిన ప్రియ

ఈ మధ్య కాలంలో అమెరికా నుంచి వెళ్ళి ఈ రంగంలో గట్టిగా పనిచేసిన ప్రయత్నం ప్రియాస్ శక్తి అనే కామిక్. దాని వెనక ఉన్నది న్యూయార్కులో సినిమాలు తీసే రామ్ దేవినేని. ఇంటిపేరు వినగానే మనకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తరవాత వీధుల్లో నిరసనలు జరుగుతున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. ఒక పోలీసు అధికారితో మాట్లాడితే, మంచి ఆడపిల్ల రాత్రిపూట ఒంటరిగా తిరగదు అన్న ధోరణిలో జవాబు వచ్చిందట. చట్టం ఎంత కఠినం చేసినా ఆ మాట అనే నోరు మారకపోతే ప్రయోజనం లేదని ఆయనకి తోచింది. రెండేళ్ళ తరవాత, 2014 డిసెంబరులో ముంబైలో ఆ కామిక్ విడుదలైంది. బొమ్మలు అమెరికన్ చిత్రకారుడు డాన్ గోల్డ్‌మన్‌వి.

కథ చిన్నది. ప్రియ పల్లెటూరి పిల్ల. అత్యాచారానికి గురైందని తెలియగానే సొంత ఇంట్లోనే తప్పు ఆమెదంటారు, వెళ్ళగొడతారు. పార్వతీదేవి ఆమె గోడు వింటుంది. అడవిలో తనని భయపెట్టిన పులినే లొంగదీసుకుని, దాని మీద ఎక్కి ప్రియ ఊళ్ళోకి తిరిగి వస్తుంది. సిగ్గుపడాల్సింది నేను కాదు అని నలుగురికీ చెబుతుంది. పుస్తకాన్ని ఉచితంగా అందుబాటులో పెట్టారు. పేజీ మీద ఫోను పెడితే బొమ్మలు కదిలి, బాధితుల నిజ కథలు వినిపించే ఏర్పాటు చేశారు. ముంబై ధారావిలో గోడల మీద ప్రియ బొమ్మలు వేయించారు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం స్త్రీపురుష సమానత్వానికి ప్రతినిధిగా ప్రియని గుర్తించింది.

2016లో రెండో భాగం వచ్చింది, యాసిడ్ దాడుల మీద. దీనికి రచనలో ముంబై చిత్రదర్శకురాలు పారోమితా వోహ్రా తోడయ్యారు. 2019లో వచ్చిన మూడోది ఆడపిల్లల అక్రమ రవాణా మీద. రెండో భాగం గురించి తెలుసుకుంటున్నప్పుడు నాకు వరంగల్లు గుర్తొచ్చింది. 2008 డిసెంబరులో అక్కడ ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, వాళ్ళలో ఒక అమ్మాయి తరవాత చనిపోయింది. రోజుల వ్యవధిలో నిందితులు ముగ్గురూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. పోలీసు అధికారులకి పూలదండలు వేశారు. 2019లో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య తరవాత కూడా అదే జరిగింది. అమెరికాలో ఉన్న మనం కూడా ఈమెయిళ్ళలో, తరవాత వాట్సాప్‌లో తెగ సంబరపడ్డాం. ఆ సంబరంలో ఎవరం అడగని ప్రశ్న ఒకటుంది. బతికి బయటపడిన అమ్మాయి కాలేజీకి ఎలా వెళ్తుంది? అద్దంలో ఎలా చూసుకుంటుంది? ఆమెకి ఉద్యోగం ఎవరిస్తారు? 2013లో భారతదేశంలో యాసిడ్ దాడికి ప్రత్యేక సెక్షను, కనీసం పదేళ్ళ శిక్ష వచ్చాయి. యాసిడ్ అమ్మకాల మీద సుప్రీంకోర్టు అదే సంవత్సరం ఆంక్షలు పెట్టింది. ఇవన్నీ అవసరమే. కాని బతికి ఉన్న మనిషి ముఖంలోకి సూటిగా చూడటం నేర్పే పని చట్టం చెయ్యలేదు. ఆ కామిక్ రెండో భాగానికి పెట్టిన పేరు ప్రియ అద్దం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దేవతల సాయంతో గట్టెక్కే కథ అన్ని మతాల ఆడపిల్లలకీ తమదిగా అనిపిస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్క వీరవనిత పులి ఎక్కి వస్తే ఊరు మారిపోతుందనడం కూడా సులభమైన ముగింపే. అయినా ఒక విషయంలో ఆ ప్రయత్నాన్ని మెచ్చుకోవాలి. మొదలుపెట్టింది మగవాడే అయినా, తరవాతి భాగానికి ఒక స్త్రీని రచయిత్రిగా తెచ్చుకున్నారు, యాసిడ్ దాడికి గురైన వాళ్ళ సొంత గొంతులనే వినిపించారు. మా కమిటీ చెయ్యని పని అదే.

అమెరికాలో మన ఇళ్ళ కథ

ఇండియాలో జరిగేవి చూసి "అక్కడంతే" అనుకోవడం మనకి తేలిక. ఇక్కడి సంగతి చూద్దాం. దక్షిణాసియా స్త్రీల కోసం అమెరికాలో పుట్టిన మొదటి సంస్థ మానవి 1985లో మొదలైంది మా న్యూజెర్సీలోనే. న్యూయార్కులో సఖి, చికాగోలో అప్నా ఘర్, బే ఏరియాలో మైత్రి, నారిక, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ, డాలస్‌లో చేతన ఆ తరవాత వచ్చాయి. డాక్టర్లు, ఇంజనీర్లు ఉన్న చోటల్లా ఇలాంటి సంస్థ ఒకటి ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఆలోచించండి.

వీసా చట్టం ఈ సమస్యని ఇంకా బిగిస్తుంది. 1994 నాటి హింసా నిరోధక చట్టం కింద, భర్త అమెరికన్ పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే హింసకి గురైన భార్య అతని సంతకం లేకుండానే గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త హెచ్‌-1 మీద ఉంటే ఆ దారి లేదు. విడాకులు తీసుకుంటే హెచ్‌-4 హోదాయే పోతుంది. 2015 మే దాకా హెచ్‌-4 వారికి ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తరవాత కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. ఆ నిబంధన మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. హింసకి గురైన హెచ్‌-4 స్త్రీలకి వర్క్ పర్మిట్ ఇవ్వవచ్చని కాంగ్రెస్ 2005 నాటి సవరణల్లోనే అంది, ఆ దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది మాత్రం 2017లో. నేరబాధితులకి ఇచ్చే యూ వీసా ఉంది గాని, దానికి పోలీసులకి సహకరించాలి, ఏడాదికి పదివేలే పరిమితి, ఏళ్ళ కొద్దీ క్యూ. అంచేత పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసే భర్త చేతిలో చట్టం కూడా ఇంకో తాళం పెట్టినట్టే.

ఈ సంగతిని నాకు అర్థమయ్యేలా చెప్పింది చట్టం పుస్తకం కాదు, ఒక చిన్న సినిమా. తానే హెచ్‌-4 మీద వచ్చిన మేఘనా దమానీ 2007లో తీసిన హార్ట్స్ సస్పెండెడ్. చదువుకుని, ఉద్యోగం చేసి వచ్చిన ఆడవాళ్ళు ఇక్కడ నాలుగు గోడల మధ్య ఎలా చిక్కుకుపోతారో వాళ్ళ నోటితోనే చెప్పించింది. అంతకు ముందే, 2003లో, బే ఏరియాలో సౌత్ ఏషియన్ సిస్టర్స్ అనే బృందం యోనీ కీ బాత్ అనే ప్రదర్శన మొదలుపెట్టింది. మన ఆడవాళ్ళు తమ శరీరం గురించి, తమ మీద జరిగిన హింస గురించి తామే రాసుకుని తామే చెప్పడం దాని పద్ధతి. మిన్నియాపొలిస్‌లో 2004లో మొదలైన అనన్య డాన్స్ థియేటర్ ఒడిస్సీ పునాది మీద కొత్త నృత్యభాష తయారుచేసుకుంది. 2010 నుంచి నాలుగేళ్ళు వరసగా భూమి, బంగారం, చమురు, నీరు అనే నాలుగు విషయాల చుట్టూ స్త్రీల మీద జరిగే హింసని నాట్యంగా కట్టింది.

మరి తెలుగులో? రాయడానికి కొరత లేదు. ఓల్గా గారి విముక్తకి 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. సీత వెళ్ళి అహల్యని, శూర్పణఖని, రేణుకని, ఊర్మిళని కలుసుకునే కథలవి. ఇంగ్లీషు అనువాదం 2016లో వచ్చింది కాబట్టి తెలుగు చదవలేని మన పిల్లలు కూడా చదవవచ్చు. మన నాట్య బృందాలకి ఇంతకంటే మంచి ముడిసరుకు ఏం కావాలి?

కళ చెయ్యలేనిది

ఉత్సాహంలో ఒక మాట మరవకూడదు. నాటిక ఏ ఆడపిల్లకీ ఆ రాత్రి తలదాచుకునే చోటు చూపించదు. పైగా మన లాంటి చిన్న సమాజంలో ప్రమాదం కూడా ఉంది. ఫలానా ఊళ్ళో ఫలానా వాళ్ళ కథే ఇది అని ప్రేక్షకులు పోల్చుకుంటే, ఇంటికి వెళ్ళాక దెబ్బలు తినేది ఆమే. కాబట్టి ఎవరి కథ వాళ్ళ అనుమతి లేకుండా చెప్పకూడదు, చెప్పినా ఆనవాళ్ళు మార్చాలి. అలాగే తెర పడగానే "ఎవరితో మాట్లాడాలి?" అన్న ప్రశ్నకి అక్కడికక్కడే సమాధానం ఉండాలి. 1-800-799-7233 అనే జాతీయ హెల్ప్‌లైనుకి ఏ వేళప్పుడైనా ఫోను చెయ్యవచ్చు. ఆ నంబరున్న చిన్న కార్డులు మన వేడుకల్లో ఎక్కడ పెట్టాలో మానవి లాంటి సంస్థల వాళ్ళని అడిగితే చెబుతారు. ఆడవాళ్ళ రెస్ట్‌రూములో పెట్టవచ్చు, భర్త కళ్ళ ముందు తీసుకోనక్కర్లేని చోటు అది.

మనం చెయ్యగలిగినవి

పెద్ద ఖర్చు లేని పనులు మూడు చెబుతాను. ఒకటి, సాంస్కృతిక కమిటీల్లో సగం కుర్చీలు స్త్రీలకి ఇవ్వాలి. ఏ అంశం ఉండాలో, ఎంతసేపు ఉండాలో నిర్ణయించే అధికారంతో సహా ఇవ్వాలి. ప్రసాదాల కమిటీలో ఇచ్చి చేతులు దులుపుకోకూడదు.

రెండు, బతుకమ్మ. అమెరికాలో గృహహింస మీద అవగాహనకి కేటాయించిన నెల అక్టోబరు. బతుకమ్మ, దసరా కూడా ఆ చుట్టుపట్లే వస్తాయి. ఆడవాళ్ళే పేర్చి, ఆడవాళ్ళే పాడే పండగ అది. అత్తింటి కష్టాలు చెప్పుకునే పాటలు అందులో మొదటి నుంచీ ఉన్నాయి. పండగ పూట ఇదెందుకని మన అమ్మమ్మలు ఎవరూ అనలేదు! 1990లో మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్‌లో కొందరు స్త్రీలు ఒక పని చేశారు. హింసకి గురైన వాళ్ళు తమ అనుభవాన్ని చొక్కాల మీద రాసి, రంగులు వేసి, ఊరి మధ్యన బట్టలు ఆరేసే తాడుకి వేలాడదీశారు. మొదటి రోజు 31 చొక్కాలు. చనిపోయిన వాళ్ళ కోసం తెల్ల చొక్కా. పేరు రాయనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు. బతుకమ్మ ఆడే మైదానం పక్కన అలాంటి తాడు ఒకటి కట్టడానికి మనకి ఎవరి అనుమతి కావాలి?

మూడు, మగవాళ్ళు ముందు వరసలో కూర్చుని చూడటం. నాటిక మొదలవగానే కాఫీకి లేచి వెళ్ళడం కూడా ఒక రకం సమాధానమే.

ఈ ఏడాది కమిటీ మీటింగులో ఆ నాటిక సంగతి నేనే ఎత్తాను. గంటసేపు వాదన అయింది. కొందరికి కోపం వచ్చింది, ఒకాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. చివరికి అయిదుగురు ఒప్పుకున్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. భోజనాల ముందు పన్నెండు నిమిషాలు ఇచ్చాం. ఆ సంగతి చెప్పడానికి ఫోను చేస్తే ముగ్గురు అమ్మాయిల్లో ఇద్దరే వేస్తామన్నారు. స్టోర్లో కనబడిన అమ్మాయి మాత్రం, "నేను వెయ్యలేను అన్నయ్యగారూ, వెనక వరసలో కూర్చుని చూస్తాను. ఎవరు లేచి వెళ్తారో చూడాలని ఉంది" అంది.

నేను ముందు వరసలో ఉంటాను. మీ ఊళ్ళో ఇలాంటి నాటిక ఏదైనా మీ బల్ల మీదికి వస్తే, దాన్ని పక్కన పెట్టే ముందు అది రాసిన మనిషితో ఒక్కసారి మాట్లాడండి.